అత్తోరి పళ్ళెం

బుధవారం మధ్యాహ్నం లక్ష్మణమ్మను బల్ల దగ్గర్నుంచి లేపేసినప్పుడు షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళున్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. భయపడ్డారనుకుంటే పొరపాటు. కాశీబుగ్గ జీడిపప్పు షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళకి భయం తక్కువ, నోరెక్కువ. కానీ అంతా ఎంత చప్పున జరిగిపోయిందంటే, ఎవరికీ మాట పెగిలే వ్యవధి దొరకలేదు.

సూపర్‌వైజర్ తిరుమలరావు ఆమె ముందున్న పళ్ళెం ఎత్తి కిటికీ వెలుతురులోకి వంచాడు. గుండు పప్పు, అంటే విరగని నిండు గింజలు మాత్రమే ఉండాల్సిన పళ్ళెం అది. అందులో సగానికి చీలిన బద్దలు, ముక్కు ఊడినవి, అంచు లేచిపోయినవి గుప్పెళ్ళకొద్దీ కనిపించాయి.

“ఏటిది లక్ష్మణమ్మా? ఇరవయ్యారేళ్ళ సర్వీసంటావు. సేతులా అవి, రోకళ్ళా?”

“నాకాడికొచ్చినప్పుడే ఇరిగున్నాయి బాబూ.”

“అయితే మిషను ఇరగ్గొట్టిందంటావు! దానికి సేతులున్నాయా, గోళ్ళున్నాయా? నిన్నా ఇదే, ఇయాలా ఇదే. లెగు. నేను కబురెట్టేదాకా రావద్దు.”

లక్ష్మణమ్మ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. గోళ్ళు చర్మం దాకా కత్తిరించి ఉన్నాయి. బొటనవేలి కొన మీద, గింజను దొర్లించీ దొర్లించీ, నున్నగా అరిగిపోయిన మచ్చ ఉంది. ఆమె తలకు కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

రేఖ అప్పుడు ఎనిమిదడుగుల దూరంలో, కొత్త మిషను పక్కన ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి మొదట కలిగింది జాలి కాదు. అమ్మయ్య, మిషను జోలికి ఎవరూ రాలేదు అనుకుంది. ఆ వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఆ మిషను తెచ్చిన విశాఖపట్నం కంపెనీలో ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. కెమెరాతో జీడిపప్పు రకాలు వేరుచేసే మిషను అది, దాన్ని నడిపించే కోడు ఆమె రాసింది. వారం రోజులు ట్రయల్. శనివారం నాడు యజమాని శివాజీ సరేనంటే మిషను ఇక్కడే ఉంటుంది, రేఖ ఉద్యోగం ఖాయమవుతుంది. కంపెనీలో ఆమె పై అధికారి రమేష్‌బాబు ఆ మాట నోటితోనే చెప్పి పంపించాడు.

సోమవారం మిషను బిగించగానే శివాజీ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక్క ప్రశ్న అడిగాడు. “అందరూ ఆల్గారిదం ఆల్గారిదం అంటారు కదమ్మా. నువ్వు రాసిన కోడూ, అదీ ఒకటేనా?”

“ఒకటేనండి,” అంది రేఖ. అంత తేలిగ్గా అనేసింది, ఉప్పు ఇదేనా అంటే అవునన్నట్టు.

గురువారం లక్ష్మణమ్మ స్టూలు ఖాళీగా ఉంది. ఆమె బల్ల కూర్మమ్మకి అప్పగించారు. కూర్మమ్మ ముప్పయ్యేళ్ళ మనిషి, మాటకి ముందు నవ్వుతుంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

పని ఎలా సాగేదంటే, మిషను నోట్లో సరుకు పోస్తారు. పప్పు బెల్టు మీద పరుచుకుని కెమెరా కిందికి వెళుతుంది. పౌనుకి, అంటే దాదాపు అరకిలోకి, ఎన్ని గింజలు తూగుతాయో అదే ఆ రకం పేరు. నూట ఎనభై అంటే పెద్ద గింజ, రెండొందల పది దానికన్నా చిన్నది, రెండొందల నలభై ఇంకా చిన్నది, మూడొందల ఇరవై మరీ చిన్నది. కెమెరా గింజను కొలిచి ఫలానా రకమని తేల్చగానే పక్కనుంచి గాలి ఉఫ్ఫుమని ఊది దాన్ని ఆ డబ్బాలోకి తోస్తుంది. తేలకపోతే, ఇటో అటో అన్నట్టుంటే, ఇంకో గొట్టంలోకి తోస్తుంది. అక్కడ చిన్న చిన్న బొక్కెనల గొలుసు ఒకటి ఉంది. అది ఆ గింజల్ని ఎనిమిదడుగుల పైకి మోసుకెళ్ళి మళ్ళీ మిషను నోట్లో పోస్తుంది. డబ్బాల్లో పడ్డ పప్పు ఆడవాళ్ళ బల్లల మీదికి వస్తుంది, వాళ్ళు చివరిసారి కంటితో చూసి సంచికి పంపిస్తారు. మధ్యాహ్నం గంట కొట్టాక మిషనులో మిగిలిపోయిన సరుకంతా కిటికీ పక్క బల్లకే వెళుతుంది. అది లక్ష్మణమ్మ బల్ల.

గురువారం మధ్యాహ్నం ఆ బల్ల మీద మళ్ళీ గుప్పెళ్ళకొద్దీ బద్దలు తేలాయి.

“ఓలమ్మో, నాను ముట్టుకోనేదు!” అని కూర్మమ్మ రెండు చేతులూ పైకెత్తేసింది. “దేవుడి మీద ఒట్టు. ఇప్పుడే పోసారు, ఇప్పుడే సూత్తన్నాను.”

తిరుమలరావు పళ్ళెం చూశాడు, కూర్మమ్మను చూశాడు. “ఆవిడికాడ నేర్సుకున్న సేతులే కదా,” అన్నాడు, వెళ్ళిపోయాడు.

రేఖ ఆ పళ్ళెం దగ్గరికి వెళ్ళి చూసింది. బల్ల దగ్గర మనిషి మారింది, బద్దలు మారలేదు. ఈ లెక్క చిన్నపిల్లకైనా అర్థమవుతుంది, తిరుమలరావుకి అక్కర్లేదు కాబట్టి అర్థం కాలేదు. రేఖకి అక్కర్లేదనుకునే వీలు ఇప్పుడు లేదు.

మిషను మీట నొక్కే జోగయ్య అన్నం క్యారేజీ విప్పుకుంటున్నాడు. రేఖ వెళ్ళి పక్కన కూర్చుంది.

“బాబాయ్, పొద్దున్న పోసిన సరుకు గంట కొట్టేలోపు పూర్తిగా అయిపోయిన రోజుందా?”

“ఏ సరుకమ్మా?”

“మిషనులో పోసింది. దానంతటది ఖాళీ అయిపోయి ఆగడం చూశావా?”

జోగయ్య ముద్ద కలుపుతూ ఆలోచించాడు. “దానంతటది ఆగడమేటి? గంట కొడతారు, నేను మీట నొక్కుతాను, అప్పుడాగుద్ది. నొక్కకపోతే రేపటిదాకా తిరుగుద్ది. ఆ బొక్కెన్లలో ఎప్పుడూ ఏదో ఒకటి పైకెల్తానే ఉంటాది.”

“మరి నాకు చెప్పలేదేం?”

“అది అలగే ఉండాలనుకున్నాను పాపా. నీది కదా మిషను.”

రేఖ లేచింది. అన్నం తినబుద్ధి కాలేదు. ఆడవాళ్ళ బల్లల దగ్గర మూల మీద ఓ సత్తు పళ్ళెం ఉంటుంది. ఇటా అటా తేలని గింజల్ని వాళ్ళందులో పడేస్తారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అత్తోరి పళ్ళెం. ఎంత చేసినా అత్తగారికి ఓ పట్టాన నచ్చదట, అందుకని. రేఖ అందులోంచి పది గింజలు ఏరింది. ఒక్కోదాని కడుపు వైపు పెన్సిలుతో సన్నగా ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసింది. మిషను ఖాళీ చేయించి, ఆ పది గింజల్నే నోట్లో పోసి, జోగయ్యని మీట వెయ్యమంది. తను స్టూలెక్కి, బొక్కెనల గొలుసు పైకొచ్చే చోట తల పెట్టి నిలబడింది.

మొదటి చుట్టులో రెండు గింజలు డబ్బాల్లో పడ్డాయి. ఎనిమిది వెనక్కొచ్చాయి. రెండో చుట్టులో ఎనిమిదీ వెనక్కే వచ్చాయి. మూడు, నాలుగు, అయిదు చుట్లు. ప్రతిసారీ పైనుంచి రేకు మీద టప్పున పడి, దొర్లి, మళ్ళీ బెల్టు ఎక్కాయి. ఆరో చుట్టుకి నాలుగో నంబరు గింజ ముక్కు ఊడింది. రేఖ కాగితం మీద గీతలు పెడుతూనే ఉంది. ఏడో నంబరు గింజ మాత్రం మొండిది. ఎనిమిదిసార్లు వచ్చింది, తొమ్మిదిసార్లు వచ్చింది, పదకొండోసారీ వచ్చింది. పన్నెండోసారి రేకు మీద పడి రెండుగా విడిపోయింది. ఆ రెండు చెక్కలూ బెల్టెక్కి కెమెరా కిందికి వెళ్ళాయి. తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి: బద్ద, నూరు శాతం. గాలి ఉఫ్ఫుమంది. రెండు చెక్కలూ బద్దల డబ్బాలో పడ్డాయి. గంట కొట్టేసరికి ఇలా విరిగి, ఇంకా కెమెరా దాకా రానివే కిటికీ బల్ల మీదికి వెళుతున్నాయన్నమాట.

రేఖ స్టూలు మీద అలాగే ఉండిపోయింది. సందేహం తీరే దారి లేని గింజను తన కోడు తిప్పీ తిప్పీ విరగ్గొట్టి, విరిగాక మాత్రమే ఇది ఫలానా అని నిశ్చింతగా చెబుతోంది. నాలుగు వందల ఎనభై లైన్లు రాసింది. ఒక్క లైనులోనూ తప్పు లేదు. ఎక్కడా ఆగమని మాత్రం చెప్పలేదు. ఇన్నాళ్ళూ దాన్ని ఆపుతున్నది జోగయ్య చెయ్యి.

శ్రీకాకుళం పాలిటెక్నిక్‌లో బెన్హర్ మాస్టారు ఈ మాటే బల్ల గుద్ది చెప్పేవారు. ఆల్గారిదమంటే, ఏం తీసుకుంటుందో తెలియాలి, ఏం ఇస్తుందో తెలియాలి. ప్రతి అడుగుకీ ఒక్కటే అర్థం ఉండాలి. కాగితం, పెన్సిలు ఇస్తే మామూలు మనిషి కూడా చెయ్యగలగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ సరుకు పోసినా ఎప్పుడో ఒకప్పుడు పని ముగియాలి. ముగియకపోతే అది ఎంత బాగా నడిచినా కోడే గానీ ఆల్గారిదం కాదు. రేఖ పరీక్షలో ఇదంతా రాసింది, నూటికి తొంభై ఒకటి తెచ్చుకుంది, హాలు గుమ్మం దాటగానే మర్చిపోయింది. కోడు పరీక్షించినప్పుడు కూడా వెయ్యి గింజల ఫోటోలతో పరీక్షించింది. ఫోటో రేకు మీద పడితే విరగదు కదా!

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే లక్ష్మణమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. రైల్వే గేటు అవతల, రేకుల వరండా ఉన్న ఇల్లు. లక్ష్మణమ్మ వరండాలో గోడకి చేరగిలబడి కూర్చుంది. పక్కన చేటలో వేరుశనగ గింజలున్నాయి, ఏరాల్సినవి. ఏరడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

“రా గుంటా. కూకో,” అంది, లేవకుండానే. “నీ మిషను బాగుందా?”

“బాగాలేదు పిన్నీ. ఒక మాట అడగాలి.”

“నన్నేటి అడుగుతావు. నా సేతులే నాకు అనుమానమైపోనాయి. రెండ్రోజుల్నుంచి పప్పు కడుగుదామన్నా, బియ్యం ఏరుదామన్నా సేతులకేసి సూస్తన్నాను. వయసైపోనాదేమో, తెలీకుండా నొక్కేస్తన్నానేమో అని. మనవరాలికి జడెయ్యడానికీ భయమేసినాది.”

రేఖ చెప్పులు విప్పి వరండా ఎక్కింది. నిజం చెప్పడానికే వచ్చింది, కానీ ముందు పని సంగతి పూర్తిగా తెలుసుకోవాలనుకుంది. అది ధైర్యమో పిరికితనమో ఆమెకే తెలియలేదు.

“అత్తోరి పళ్ళెంలో వేసిన గింజల్ని ఆ తరవాత ఏం చేస్తారు పిన్నీ?”

లక్ష్మణమ్మ విచిత్రంగా చూసింది. “ఏటి సేస్తారు? మళ్ళీ సూస్తారు.”

“మళ్ళీ చూసినా తేలకపోతే?”

“ఇలగ తే.” చేట ఒళ్ళోకి లాక్కుంది. అప్పటిదాకా చచ్చుబడినట్టున్న చేతులు వేరుశనగ గింజల మీద పడగానే కదిలాయి. పెద్దవి కుడివైపు, చిన్నవి ఎడమవైపు. బొటనవేలు గింజను ఒక్క దొర్లు దొర్లిస్తుంది, అంతే, అది ఎటెళ్ళాలో అటు వెళ్ళిపోతుంది. మధ్యలో అయిదారు గింజలు ముందుకి తోసింది. “ఇవి అత్తోరివి. వీటిని కొత్త సరుకుతో కలపకూడదు. కలిపితే ఏది పాతదో ఏది కొత్తదో మనకే తెలీదు, పొద్దుగూకేదాకా అవే సేతిలోకి వస్తాయి. ముందు పళ్ళెం మొత్తం అవ్వాలి. అప్పుడు వీటిని మాత్రం తీసి రెండో సూపు సూడాలి. అప్పుడూ తేలకపోతే మళ్ళీ పక్కనెట్టి, ఆకరికి మూడోసారి సెయ్యి తగిలినప్పుడు ఇంక సూపు లేదు. కిందకే.”

“కిందకే అంటే?”

“సిన్న రకంలోకి. రెండొందల పదా రెండొందల నలభయ్యా అంటే రెండొందల నలభయ్యే. కొన్నోడికి అనుకున్నదానికంటే పెద్ద గింజ దొరికితే తిడతాడేటి? సిన్నది దొరికితే సంచి తిరిగొస్తాది. మూడోసారి కిందకే. దానికి ఆలోచనేటి?”

“మిషను తేకముందు నేను పుస్తకం పట్టుకుని వచ్చి అడిగినప్పుడు ఇది చెప్పలేదు కదా పిన్నీ!”

“నువ్వడగనేదు కదేటి! అనుమానం వస్తే ఏటి సేస్తారన్నావు. పక్కనెడతాం, మళ్ళీ సూస్తాం అన్నాను. నువ్వు రాసుకున్నావు. గంట కొట్టేసారు, అన్నాలకి ఎల్లిపోనాం.”

నిజమే. ‘అనుమానం వస్తే మళ్ళీ చూడు’ అని రాసుకుని, కింద రెండు గీతలు కూడా కొట్టుకుంది. వాళ్ళకది చెప్పాల్సిన సంగతి అనిపించలేదు, తనకి అడగాల్సిన సంగతి అనిపించలేదు. ఆ గంటేదో ఓ అరగంట ఆలస్యంగా కొట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

రేఖ చేట ముందు కూర్చుని, లక్ష్మణమ్మ చెప్పినట్టే, తన చేతులతో గుప్పెడు గింజలు వేరుచేసి చూసింది. మొదటి విడత, రెండో విడత, మూడో విడత. గింజలన్నీ అటో ఇటో వెళ్ళిపోయాయి, మధ్యలో నేల ఖాళీ అయింది. “సరిపోయింది,” అంది తనలో తాను.

బయటికొచ్చి రమేష్‌బాబుకి ఫోన్ చేసింది. అతను అంతా విని, కోప్పడకుండా, చాలా మెత్తగా మాట్లాడాడు. “మంచి పని చేశావ్ రేఖా, ముందే పట్టుకున్నావ్. రేపు పొద్దున్నే మార్చేసెయ్. కొత్త వెర్షన్ అని చెప్పు. పాతవి ఎందుకు విరిగాయో వాళ్ళు అడగరు, మనం చెప్పం.”

“ఆ లక్ష్మణమ్మని పనిలోంచి ఆపేశారండి. ఆవిడ చేతుల వల్లేనని.”

“అది వాళ్ళ ఫ్యాక్టరీ విషయం. కస్టమర్ దగ్గర నిలబడి మా మిషను తప్పు అని ఎవరైనా చెబుతారా? నీ కన్ఫర్మేషన్ లెటర్ నా టేబుల్ మీదే ఉంది. అనవసరంగా పాడుచేసుకోకు.”

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికే రేఖ షెడ్డులో ఉంది. జోగయ్య బొక్కెనల గొలుసు కింద రేకుతో చిన్న తలుపు బిగించాడు. వెనక్కొచ్చిన గింజలు ఇప్పుడు కొత్త సరుకులో కలవకుండా అక్కడే ఆగుతాయి. పోసిన సరుకంతా అయ్యాకే తలుపు తెరుచుకుంటుంది, ఆ గింజలు మాత్రమే రెండో విడత వెళతాయి. తరవాత మూడో విడత. మూడో విడతలో వెనక్కి తోసే గొట్టమే మూసుకుపోతుంది. తేలని గింజ చిన్న రకం డబ్బాలోకి వెళ్ళి తీరాలి. రేఖ కొత్తగా రాసింది పంతొమ్మిది లైన్లు.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకి మిషను చప్పుడు సన్నగిల్లింది. బెల్టు మీద చివరి గింజ వెళ్ళిపోయింది. మోటారు రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది.

“ఏటయిపోనాది?” అని జోగయ్య పరుగెత్తుకొచ్చాడు. “కరెంటు పోయిందా?”

“లేదు బాబాయ్. పని అయిపోయింది.”

జోగయ్య మిషను నోట్లోకి, బొక్కెనల్లోకి, గొట్టాల్లోకి తొంగి తొంగి చూశాడు. ఒక్క గింజ లేదు. “అయిపోడమంటే ఇదేటా!” అని ముక్కు మీద వేలేసుకున్నాడు. రేఖకి అతన్ని పట్టుకుని గెంతాలనిపించింది. మొదటిసారి తను రాసింది తనంతట తను ముగిసింది.

శివాజీ వచ్చాడు. బద్దల డబ్బా తీయించి చూశాడు. అడుగున ఓ గుప్పెడున్నాయి. అవి పొట్టు తీసేటప్పుడు విరిగినవి, ఎప్పుడూ ఉండేవే. అతని మొహం వెలిగిపోయింది.

“నిన్నటికీ ఇవాళకీ ఇంత తేడా ఏంటి?”

రేఖ నోరు తెరిచేలోపే తిరుమలరావు అందుకున్నాడు. “నేను సెప్పలేదా బాబూ? లక్ష్మణమ్మని ఆపేసాం. రెండ్రోజుల్లో మిగతావాళ్ళందరికీ భయం వచ్చింది. సేతులు జాగర్తగా కదుపుతున్నారు. దెబ్బకి బద్దలు తగ్గిపోయాయి.”

రేఖకి తల మీద నీళ్ళు కుమ్మరించినట్టయింది. ఇది ఆమె ఊహించలేదు. మెదలకుండా సరిచేస్తే బద్దలు ఆగుతాయి, లక్ష్మణమ్మని మళ్ళీ పిలుస్తారు, ఎవరికీ నష్టం లేదనుకుంది. ఇప్పుడు ఆ సరిచేయడమే లక్ష్మణమ్మ మీద సాక్ష్యమైపోయింది. ఇంక ఆ మనిషికి ఈ ఊళ్ళో ఏ షెడ్డులోనూ ఎవరూ స్టూలు వెయ్యరు. అంతకన్నా అన్యాయం, ఆవిడ కూడా జీవితాంతం తన చేతులే కారణమని నమ్ముతుంది. మనవరాలికి జడ వెయ్యడానికి భయపడుతూ బతుకుతుంది.

శివాజీ చెయ్యి చాచాడు. “మిషను ఉంచేసుకుంటున్నాం. మీ రమేష్‌బాబుకి చెప్పు.”

“సార్, ఒక్క మాట.” రేఖ ఆ చెయ్యి అందుకోలేదు. పక్క బల్లల మీద కదులుతున్న చేతులు ఆగాయి. ఆడవాళ్ళందరూ తలెత్తారు. ఆఫీసు గదిలోకి వెళ్ళి చెబుదామా అని ఒక్క క్షణం అనుకుంది, ఆ ఆలోచనకే మళ్ళీ సిగ్గేసింది. “పప్పు బద్దలైంది చేతుల వల్ల కాదండి. నా కోడు వల్ల. తేలని గింజల్ని అది ఆపకుండా తిప్పింది. పైనుంచి పడీ పడీ విరిగాయి. ఇదిగో కాగితం, పది గింజలకి నంబర్లు వేసి చూశాను. ఏడో గింజ పన్నెండోసారి విరిగింది.”

శివాజీ కాగితం తీసుకున్నాడు. గీతలన్నీ చదివాడు.

“సోమవారం నిన్ను అడిగాను. కోడూ ఆల్గారిదం ఒకటేనా అని. ఒకటేనన్నావు.”

“తప్పు చెప్పానండి. ఎన్ని గింజలు పోసినా, ఎలాంటివి పోసినా, పని ముగుస్తుందని ముందే చెప్పగలిగితేనే అది ఆల్గారిదం. నాది ముగిసేది కాదు. జోగయ్య బాబాయి మీట నొక్కితే ఆగేది. ఇవాళ ముగిసింది కదండి, మూడు విడతలకి మించి ఏ గింజా తిరగదు కాబట్టి. ఆ మూడు విడతల పద్ధతి నాది కాదు. లక్ష్మణమ్మ గారు చెప్పింది. ఈ బల్లల మీద ఇన్నేళ్ళుగా ఉన్నదే. నాకు లేనిది వాళ్ళకి ఉంది.”

“మా అత్తోరి పళ్ళెమా?” అని కూర్మమ్మ గట్టిగానే అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షెడ్డులో నవ్వులు లేచాయి.

తిరుమలరావు నవ్వలేదు. “మిషను తెచ్చిన మనిషే మిషను తప్పంటే ఎలాగమ్మా!” అన్నాడు. కోపం కన్నా కంగారే ఎక్కువ వినిపించింది ఆ గొంతులో.

“ఈ మాట చెబుతున్నట్టు మీ కంపెనీకి తెలుసా?” అన్నాడు శివాజీ.

“చెప్పొద్దన్నారండి.”

శివాజీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇందాకటి వెలుగు ఆ మొహంలో లేదు, ఏమనుకుంటున్నాడో తెలియనివ్వలేదు. మిషను మీద చెయ్యి వేసి అన్నాడు. “మిషను ఉంచుకుంటాను. మీ వాళ్ళకి నేనే రాస్తాను, ఏం మార్చాలన్నా ఈ అమ్మాయినే పంపమని. వాళ్ళేం చేస్తారో నాకు తెలీదు. తిరుమలరావు గారూ, లక్ష్మణమ్మకి కబురు పెట్టండి.”

రమేష్‌బాబు మధ్యాహ్నం నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి రేఖ ఎత్తి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను అంతా విన్నాడు. “సోమవారం ఆఫీసుకి రా,” అని పెట్టేశాడు. రేఖకి మనసు తేలికపడింది. ఆకలి కూడా వేసింది. జోగయ్య క్యారేజీలో మిగిలిన చింతపండు పులిహోర తినేసింది.

తిరుమలరావు కబురు కోసం ఆగకుండా తనే రైల్వే గేటు దాటి వెళ్ళింది. లక్ష్మణమ్మ సంతోషిస్తుందనుకుంది. లక్ష్మణమ్మ విని, చేట పక్కకి జరిపింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి, వాటి వెనకే కోపం.

“నిన్న వొచ్చి గింజలు ఏరించుకుని ఎల్లావు. అప్పుడు తెలుసా నీకు?”

“తెలుసు పిన్నీ.”

“తెలిసీ సెప్పకుండా ఎల్లిపోనావా?”

“తప్పయిపోయింది. భయపడ్డాను.”

“ఒక్క రాత్రి తక్కువ ఏడిసుండేదాన్ని కదే!” అంది లక్ష్మణమ్మ. రేఖ ఆమె పక్కన కూర్చుంది. లక్ష్మణమ్మే కొంగుతో మొహం తుడుచుకుని, చేటలోంచి వేయించిన వేరుశనగలు గుప్పెడు తీసి ఆమె చేతిలో పోసింది. “తిను. మొహం పీక్కుపోనాది.”

“రేపు వస్తావా పిన్నీ?”

“వస్తాను. రాకేటి.”

శనివారం పొద్దున్న షెడ్డు గంట కొట్టేసరికి లక్ష్మణమ్మ వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది. కిటికీ పక్క బల్ల దగ్గర ఆమె స్టూలు తుడిచి పెట్టారు. ఆమె దాని దాకా వెళ్ళి, కూర్చోకుండా నిలబడింది. శివాజీ మిషను దగ్గరున్నాడు. రేఖ అతని పక్కనుంది.

“కూకో లక్ష్మణమ్మా, కూకో. పని మొదలెట్టు,” అన్నాడు తిరుమలరావు, చేతిలోని హాజరు అట్టని అటూ ఇటూ తిప్పుతూ.

“ఊరికే ఎలగ కూకుంటాను బాబూ? లేపినప్పుడు ఊరికే లేపారేటి? అందరి ముందరా ఒక మాటన్నారు కదా.”

తిరుమలరావు శివాజీ వైపు చూశాడు. శివాజీ మిషను తెర మీద ఏదో చదువుతున్నట్టు అటు తిరిగాడు. రేఖ తిరగలేదు, నేరుగా చూస్తూ నిలబడింది.

“అదే... అప్పుడేదో... సేతుల వల్ల కాదని తేలింది కదా,” అని తిరుమలరావు గొణిగాడు.

“గట్టిగా సెప్పు బాబూ,” అంది లక్ష్మణమ్మ, కోపం లేకుండా, పని చెబుతున్నట్టు. “ఆ సివరి బల్లోళ్ళకి ఇనపళ్ళేదు.”

నలభై మంది చేతులు ఆగిపోయాయి. తిరుమలరావు గొంతు సవరించుకున్నాడు. “లక్ష్మణమ్మ సేతుల్లో తప్పేటీ లేదు,” అన్నాడు, ఈసారి చివరి బల్ల దాకా వినిపించేటట్టు.